ఊరుమ్మడి భవనం: ఎవరు కడతారు, ఎవరు చూసుకుంటారు?

బి.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చివరి ఏడాది థీసిస్ అంశాల జాబితా ఏ కాలేజీలో తిరగేసినా కమ్యూనిటీ సెంటర్ లాంటిది ఒకటైనా కనిపిస్తుంది. కొందరు గ్రామీణ విజ్ఞాన కేంద్రం అంటారు, కొందరు చేనేతవాళ్ల కోసం పనిశాల, ఇంకొందరు గిరిజన గూడెంలో బడి. పదిమందికి పనికొచ్చేది గీయాలన్న కోరిక నిజమైనదే. డ్రాయింగ్ షీట్ల మీద కూడా లోటు ఉండదు. గాలి దిశ, ఎండ పడే కోణం, మూడు కేస్ స్టడీలు, ఊళ్లో పంచిన ప్రశ్నపత్రం, దాని మీద రంగు రంగుల చార్టులు అన్నీ ఉంటాయి. థీసిస్‌ను పరీక్షించే జ్యూరీలో ప్రశ్నలు ఎక్కువగా కాన్సెప్ట్ చుట్టూ, ఎలివేషన్ (భవనం బయటి రూపం) చుట్టూ తిరుగుతాయి.

అరుదుగా వినిపించే ప్రశ్నలు వేరే ఉన్నాయి. ఈ గోడ లేపేది ఎవరు? వానాకాలంలో పైకప్పు కారితే ఎక్కి చూసేది ఎవరు? కరెంటు బిల్లు ఎవరు కడతారు? తాళం చెవి ఎవరింట్లో ఉంటుంది? డిజైన్ అంతా అయిపోయాక పంచాయతీకి వదిలేయాల్సిన విషయాలుగా వీటిని చూడటం అలవాటైపోయింది. ఊరందరి కోసం కట్టే భవనంలో గోడ మందం, కప్పు ఆకారం, గుమ్మం ఎటు పెట్టాలన్నది ఈ ప్రశ్నల నుంచే పుట్టాలి. ఇది చెప్పడానికి తేలికగా ఉంటుంది. చదువుకుంటున్న రోజుల్లోనే దీన్ని చేసి చూపించినవాళ్లు ఇద్దరున్నారు. ఒకరిది ఆఫ్రికాలో పల్లె బడి, ఇంకొకరిది బంగ్లాదేశ్‌లో పల్లె బడి. ఆ రెండింటినీ ఫోటోల్లో చూసి ఊరుకోకుండా ఎలా కట్టారో చూస్తే విషయం తేటపడుతుంది.

గాండోలో కప్పు ఎందుకు పైకి లేచింది

ఫ్రాన్సిస్ కెరె 1965లో బుర్కినా ఫాసోలోని గాండో అనే పల్లెలో పుట్టాడు. ఊళ్లో బడి లేదు. ఏడేళ్లకే ఇల్లు వదిలి తెంకొడొగో పట్నానికి వెళ్లి చదువుకున్నాడు. ఆ ఊరి నుంచి బడికి వెళ్లిన మొదటి పిల్లవాడు అతనే. ఆ తరగతి గదుల చీకటీ ఉక్కపోతా తనకు బాగా గుర్తున్నాయని తర్వాత చాలాచోట్ల చెప్పాడు. 1985లో వడ్రంగం నేర్చుకోడానికి స్కాలర్‌షిప్ మీద జర్మనీ వెళ్లి, కొన్నేళ్ల తర్వాత బెర్లిన్ టెక్నికల్ యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్‌లో చేరాడు. ఇంకా విద్యార్థిగా ఉండగానే 1998లో మిత్రులతో కలిసి ఒక సంఘం పెట్టి, సొంత ఊళ్లో బడి కోసం చందాలు పోగుచేశాడు. 2001లో బడి పూర్తయింది. డిగ్రీ మాత్రం 2004లో గానీ చేతికి రాలేదు. అదే ఏడాది ఆ బడికి ఆర్కిటెక్చర్‌కు ఇచ్చే ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. 2022లో ఆర్కిటెక్చర్‌లో అత్యున్నతమైనదిగా భావించే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకుని, దాన్ని గెలుచుకున్న మొదటి ఆఫ్రికన్ అయ్యాడు.

భవనం చూడటానికి చాలా మామూలుగా ఉంటుంది. ఒకే వరసలో మూడు తరగతి గదులు, గదికీ గదికీ మధ్య నీడపట్టు ఖాళీ. గోడలు ఊరి మట్టిలో కొంచెం సిమెంటు కలిపి అచ్చులో నొక్కిన ఇటుకలవి. విశేషం పైన ఉంది. గోడల మీద కాంక్రీటు దూలాలు, వాటి ఆధారంతో మట్టి ఇటుకలు పేర్చిన సీలింగు. ఆ సీలింగుకు బాగా ఎడంగా, సన్నని ఇనుప చట్రం మీద రేకుల కప్పు. రేకు నేరుగా నెత్తి మీద ఉంటే మధ్యాహ్నానికి గది కొలిమైపోతుంది. ఇక్కడ రేకు వేడెక్కినా ఆ వేడి సీలింగుకీ రేకుకీ మధ్య ఖాళీలోంచి గాలితో కొట్టుకుపోతుంది. గదిలోని వేడి గాలి సీలింగు ఇటుకల సందుల్లోంచి పైకి పోతుంది. రేకు చూరు గోడలు దాటి చాలా దూరం వస్తుంది కాబట్టి వాన మట్టి గోడను తాకదు.

ఇంతవరకూ ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. ఆ చట్రం అంత సన్నగా, అల్లినట్టు ఎందుకుందన్నది అసలు సంగతి. పెద్ద ఇనుప దూలాలు గాండోకి చేర్చాలంటే పెద్ద లారీలు కావాలి, ఎత్తి పెట్టాలంటే క్రేన్ కావాలి. అవి అక్కడ లేవు. స్లాబులో వాడే మామూలు కడ్డీలు దొరుకుతాయి. చేతి రంపంతో కోసి చిన్న వెల్డింగ్ మిషన్‌తో అతికించడం ఊరి కుర్రాళ్లకు నేర్పవచ్చు. తయారైన చట్రాన్ని మనుషులే మోసి పైకి చేర్చవచ్చు. కప్పు ఆకారం అలా తేలింది. పత్రికలు మెచ్చుకున్న ఆ తేలికదనం ఎత్తగలిగే చేతుల లెక్కలోంచి వచ్చింది.

పిల్లలు పునాదికి రాళ్లు తెచ్చారు, ఆడవాళ్లు నీళ్లు మోశారు, తమ ఇళ్లలో చేసే పద్ధతిలోనే మట్టి నేలను దిమ్మిస చేశారు. అయినా ఊరు మొదటి రోజే ఒప్పేసుకుందనుకోవడం పొరపాటు. విదేశంలో చదివొచ్చిన కుర్రాడు మళ్లీ మట్టితోనే కడతానంటే పెద్దలు అనుమానపడ్డారు. మట్టి గోడ ఏటా వానకు కరగడం వాళ్లకు తెలిసిన సంగతి. చదువురాని మనుషుల ముందు ప్లాన్ కాగితం పరిచి లాభం లేదు. నేల మీద గీసి, చిన్న నమూనా కట్టి చూపించి ఒప్పించుకోవాల్సి వచ్చింది. ఆ అనుమానమే డిజైన్‌కు మేలు చేసింది. చూరు అంత బయటికి రావడానికీ, మట్టిలో సిమెంటు కలవడానికీ వెనక ఉన్నది ఆ భయమే.

బడి నిండిపోయింది, తర్వాత విస్తరించాల్సి వచ్చింది. టీచర్ల ఇళ్లు, అదనపు తరగతులు లేచాయి. మొదటి భవనం దగ్గర పని నేర్చుకున్నవాళ్లే తర్వాతి వాటికి మేస్త్రీలయ్యారు, బయటి పనులకూ వెళ్లారు. ఒక విద్యార్థి పని నుంచి ఊరికి మిగిలేది భవనం ఒక్కటే కానక్కర్లేదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

రుద్రాపూర్‌లో పునాది

జర్మనీ అమ్మాయి అన్నా హెరింగర్‌ది పూర్తిగా వేరే స్థితి. ఊరు ఆమెది కాదు, భాష ఆమెది కాదు. 1997లో, ఇంకా ఇరవై ఏళ్లు నిండకముందే, ఉత్తర బంగ్లాదేశ్‌లోని రుద్రాపూర్ వెళ్లి, దీప్‌శిఖ అనే స్థానిక స్వచ్ఛంద సంస్థతో దాదాపు ఏడాది పాటు పనిచేసింది. తర్వాత ఆస్ట్రియాలోని లింజ్‌లో ఆర్కిటెక్చర్ చదివింది. 2004లో థీసిస్‌గా అదే ఊరికి బడి గీసింది. 2005 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు, ఐకె రోస్వాగ్ అనే ఆర్కిటెక్ట్ సాంకేతిక బాధ్యత పంచుకోగా, ఊరి పనివాళ్లతో అది కట్టారు. 2007లో దానికీ ఆగా ఖాన్ అవార్డు వచ్చింది.

కింది అంతస్తు మందపాటి మట్టి గోడలు, పై అంతస్తు వెదురు. ఆ ప్రాంతంలో ఇళ్లు మట్టివే, వెదురు పెరట్లో పెరిగేదే. మరి కొత్తగా చేసిందేమిటి? అక్కడి ఇళ్లకు పునాది ఉండదు. గోడ నేల మీదే మొదలవుతుంది. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, అడుగు తినేస్తుంది, కొన్నేళ్లకే మళ్లీ కట్టుకోవాలి. బడికి ఇటుక పునాది వేశారు, దాని మీద చెమ్మ పైకి రాకుండా ఒక పొర వేశారు. మట్టిలో వరిగడ్డి కలిపారు. ఆ మట్టిని పశువులతో తొక్కించారు. ఒక వరస పోసి, కొన్ని రోజులు ఆరనిచ్చి, పక్కలు పదునైన పారతో చెక్కి, ఆ తర్వాతే పై వరస. పైన వెదుర్లను కట్టలుగా కట్టి దూలాలుగా వాడారు. తరగతుల వెనక పిల్లలు దూరి ముడుచుకుని కూర్చునే గుహల్లాంటి మట్టి గదులు పెట్టారు. రంగు రంగుల చీరలు తలుపుల దగ్గర, పైకప్పు కింద వేలాడుతుంటాయి.

పునాది, చెమ్మ పొర, గడ్డి. మార్పులు ఈ పాటివే. ఊరి మేస్త్రికి ఇవి ఒకసారి చేస్తే వచ్చేస్తాయి. రేపు తన ఇల్లు కట్టుకునేటప్పుడు అదే పద్ధతి వాడుకోవచ్చు. తెలిసిన పనికి రెండడుగులు ముందుకు జరపడమే ఇక్కడి డిజైన్ గొప్పతనం. పది అడుగులు ముందుకు దూకితే భవనం మ్యూజియం వస్తువులా మిగిలిపోయి, దాన్ని బాగుచేయడానికి మళ్లీ బయటివాళ్లు రావాల్సిందే.

ఈ ఇద్దరి దగ్గరా డబ్బు లేదు, పేరు లేదు, అనుభవం లేదు. ఉన్నది సమయం. ఆఫీసు నడిపే ఆర్కిటెక్ట్ ఒక పల్లె బడి కోసం ఏడాది ఊళ్లో కూర్చోలేడు, ఫీజు ఆ పాటి గిట్టుబాటు కాదు. విద్యార్థికి అది సాధ్యం. మన కాలేజీల్లో థీసిస్‌కు ఒక సెమిస్టర్ పూర్తిగా ఇస్తారు. అందులో సైట్ మీద గడిచేది ఎంతో తక్కువ. రెండు మూడు రోజులు వెళ్లి, ఫోటోలు తీసి, ప్రశ్నపత్రాలు నింపించి, మిగతా నెలలన్నీ కంప్యూటర్ ముందే. విద్యార్థికి ఉన్న ఏకైక పెట్టుబడి ఇలా ఖర్చయిపోవడం చూస్తే బాధేస్తుంది.

మట్టి ఉంటే చాలదు

స్థానిక వస్తువులు వాడితే భవనం దానంతటదే ప్రజలదైపోతుందన్న నమ్మకం విద్యార్థుల్లో బలంగా ఉంది. ఈజిప్టులో ఆర్కిటెక్ట్ హసన్ ఫతీ కట్టిన న్యూ గుర్నా అనే ఊరు ఆ నమ్మకానికి పెద్ద పరీక్ష. లక్సర్ దగ్గర పురాతన సమాధుల మీద ఇళ్లు కట్టుకుని బతుకుతున్న గుర్నా ప్రజలను అక్కడి నుంచి కదిలించాలని ప్రభుత్వం నిర్ణయించింది. 1940ల నడుమ ఫతీ కొత్త ఊరు మొదలుపెట్టాడు. దక్షిణాన ఉన్న నూబియా ప్రాంతపు మేస్త్రీలను రప్పించి, మట్టి ఇటుకలతో కమానులు, గుమ్మటాలు కట్టించాడు. మసీదు, అంగడి, బడి అన్నీ ఎంతో శ్రద్ధగా గీశాడు. ఊరివాళ్లు రాలేదు. వాళ్ల జీవనం ఆ సమాధుల చుట్టూ, అక్కడికొచ్చే యాత్రికుల చుట్టూ ఉంది. కదలాలన్న నిర్ణయం వాళ్లది కాదు. ఊరు సగంలోనే ఆగిపోయింది. ఫతీ ప్రతిభనూ నిజాయితీనీ ఎవరూ శంకించలేరు. అయినా ఎక్కడ ఉండాలన్నది వేరేవాళ్లు తేల్చేశాక, ఎలా ఉండాలన్నది ఎంత ప్రేమగా గీసినా లాభం లేకపోయింది.

కాలేజీయే ఊళ్లో మకాం వేస్తే ఏమవుతుందో అమెరికాలో చూడొచ్చు. అలబామాలోని ఆబర్న్ యూనివర్సిటీలో శామ్యూల్ మాక్‌బీ, డి.కె. రూత్ 1993లో రూరల్ స్టూడియో మొదలుపెట్టారు. అది పనిచేసే హేల్ కౌంటీ (జిల్లా లాంటిది) పేద ప్రాంతం, జనాభాలో నల్లవాళ్లు ఎక్కువ. విద్యార్థులు అక్కడికి వెళ్లి, అక్కడే ఉండి, తాము గీసింది తామే కడతారు. మొదట్లో సాహసాలు ఎక్కువ. 2000లో పూర్తయిన మేసన్స్ బెండ్ కమ్యూనిటీ సెంటర్‌కు పాత కార్ల ముందు అద్దాలు తెచ్చి కప్పుగా పెట్టారు. మాక్‌బీ 2001లో చనిపోయాక ఆండ్రూ ఫ్రియర్ ఆ బాధ్యత తీసుకున్నాడు. క్రమంగా పని ఫైర్ స్టేషన్, టౌన్ హాల్, పార్కు, లైబ్రరీ వైపు మళ్లింది. న్యూబర్న్ పట్నంలో లైబ్రరీని పాత బ్యాంకు భవనాన్ని బాగుచేసి పెట్టారు. 20 వేల డాలర్లలో ఇల్లు కట్టగలమా అన్న ప్రశ్నను 2005 నుంచి ఒక బ్యాచ్ తర్వాత ఇంకో బ్యాచ్ పట్టుకుని సాధన చేశారు. విద్యార్థులు ఏటా మారతారు, స్టూడియో మాత్రం 30 ఏళ్లుగా అదే కౌంటీలో ఉంది. పదేళ్ల కిందట వేసిన కప్పు ఇవాళ కారితే ఆ కబురు స్టూడియోకే వస్తుంది. ఆ కబురు కొత్త బ్యాచ్‌కు పాఠమవుతుంది. మన దగ్గర ఈ ఏడాది సైట్ శ్రీకాకుళం, పై ఏడాది ఆదిలాబాద్. ఏ ఊరికీ ఎవరూ రెండోసారి వెళ్లరు.

మన కమ్యూనిటీ హాళ్లు

తెలుగు పల్లెల్లో కమ్యూనిటీ హాలు బొమ్మ అందరికీ తెలిసిందే. పొడవాటి గది, ఒక చివర స్టేజీ, రోడ్డు వైపు ఇనుప గేటు, గోడకు శంకుస్థాపన శిలాఫలకం. ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం. పెళ్లికో, ఓణీల ఫంక్షన్‌కో, పెద్దకర్మకో తెరుస్తారు. అలా తెరిచిన రోజున అక్కడ కూర్చుని గమనిస్తే, వంద ప్రశ్నపత్రాలు చెప్పనిది తెలుస్తుంది. వంటమేస్త్రి హాలు వెనక ఖాళీ జాగాలో గాడిపొయ్యి తవ్వుతాడు. గాలి ఇటు తిరిగితే పొగంతా హాల్లోకే. నీళ్ల ట్యాంకరు లోపలికి వచ్చే దారి ఉండదు, రోడ్డు మీద నుంచి బిందెలతో మోయాలి. కూరగాయలు తరిగే ఆడవాళ్లు నీడ ఎక్కడ పడితే అక్కడికి జరుగుతుంటారు. గుండిగలు తోమిన నీళ్లు పక్కింటి వాకిట్లోకి పారతాయి, అక్కడో గొడవ. తిన్న విస్తళ్లు గోడ పక్కన కుప్ప. టాయిలెట్ ఉంటుంది, కుళాయిలో నీళ్లుండవు. లోపల ఫ్యాన్లు తిరుగుతున్నా ముసలివాళ్లు బయట మెట్ల మీదే కూర్చుంటారు, దారిన పోయేవాళ్లను పలకరించడానికి.

థీసిస్ ప్లాన్‌లో ఇదంతా ఒక దీర్ఘచతురస్రం, లోపల "మల్టీపర్పస్ హాల్ – 200 మంది" అని అక్షరాలు. పొయ్యి ఎక్కడో, అంట్లు కడిగే గట్టు ఎక్కడో, మురుగు ఎటు పోతుందో, ట్యాంకరు ఎలా తిరుగుతుందో గీసిన షీటు చాలా అరుదు. ఊరి భవనానికి ఇవే ప్రధానమైన గదులు. పెద్ద చూరు కింద రాతి అరుగు వేస్తే అది రోజూ వాడుకలో ఉంటుంది. హాలు నెలకోసారి తెరుచుకున్నా అరుగుకు తాళం ఉండదు. తాండూరు బండ, బేతంచర్ల బండ దొరికే జిల్లాల్లో దానికి పెద్ద ఖర్చు కూడా కాదు.

గుమ్మం ఎటు ఉందన్నదీ చిన్న విషయం కాదు. హాలు టీకొట్టు ఎదురుగా, మగవాళ్లు కూర్చునే సెంటర్లో ఉంటే డ్వాక్రా సంఘం మీటింగు అందులో జరగదు. ఎవరింటి వరండాలోనో జరుగుతుంది. ఎందుకు రావడం లేదని అడిగితే ఆడవాళ్లు "ఖాళీ లేదు" అంటారు. అసలు కారణం ఫారం మీద రాయరు.

అంతకంటే పెద్ద విషయం స్థలం. గ్రామకంఠంలో ఖాళీ ఉందనో, సర్పంచ్ చూపించారనో గుడి పక్కన జాగా తీసుకుంటారు. షీటు మీద "ఊరి నడిబొడ్డు" అని రాస్తారు. అక్కడ కట్టిన హాలులో పెళ్లి చేసుకోడానికి దళితవాడ నుంచి అడిగేవాళ్లు ఉండని ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాడలో కడితే ఊరి నుంచి ఎవరూ రారు. అందుకే చాలాచోట్ల వాడలో అంబేద్కర్ భవనం వేరు, ఊళ్లో కుల సంఘాల భవనాలు వేరు. ఈ గీతను ఒక్క భవనం చెరిపేయదు. కానీ దాన్ని చూడకుండా గీసిన ప్లాన్‌కు అందరిదీ అన్న పేరు పెట్టడం తప్పు. కులం ఏమిటని ఫారంలో అడిగితే విషయం తెలియదు. ఎవరు ఏ దారిన నడుస్తారు, ఏ కుళాయి దగ్గర ఆగుతారు, ఏ హోటల్లో కూర్చుంటారు అన్నది కొన్నాళ్లు చూస్తే తెలుస్తుంది. బడి, బస్‌స్టాప్, రేషన్ షాపు లాంటి, ఎలాగూ అందరూ వచ్చే చోట్ల పక్కన స్థలం వెతకడం ఒక దారి. రెండు వైపుల నుంచీ సమానంగా లోపలికి వచ్చేలా గుమ్మాలు పెట్టడం ఇంకో దారి.

ప్రభుత్వం కట్టేవాటికి ఒకే నమూనా ఎందుకన్నదీ అర్థం చేసుకోవాలి. తెలంగాణలో 2020లో ఐదు వేల ఎకరాల క్లస్టర్‌కు ఒకటి చొప్పున 2,601 రైతు వేదికలు (రైతుల సమావేశ భవనాలు), ఒక్కోటి 22 లక్షల రూపాయల అంచనాతో తలపెట్టారు. రాష్ట్రమంతా ఒకే ప్లాన్. విద్యార్థులు దీన్ని చూసి పెదవి విరుస్తారు. నిజానికి ఒక నమూనా ఉంటే అంచనాలు వేగంగా తయారవుతాయి, బిల్లులు పాసవుతాయి, నాణ్యత తనిఖీ తేలిక. అంత తక్కువ కాలంలో అన్ని భవనాలు లేవడానికి అదే కారణం. నష్టమూ స్పష్టంగానే ఉంది. భద్రాచలం ఎండకూ ఆదిలాబాద్ చలికీ అవే కిటికీలు, రాయి దొరికే చోటా దొరకని చోటా అవే గోడలు. విద్యార్థి నిజంగా పనికొచ్చే చోటు ఇక్కడుంది. నమూనాలో స్థిరంగా ఉండాల్సినవి ఏమిటి, ఊరికి వదిలేయాల్సినవి ఏమిటి అని విడదీసి చూపించడం పూర్తి థీసిస్‌కు సరిపోయే పని. హాలు కొలతలు, కప్పు, కరెంటు పని అంతటా ఒకటే పెట్టి, గోడ రాయి, అరుగు, చూరు, వంట జాగా, గేటు దిశ ఊరు తేల్చుకునేలా గీయొచ్చు. పంచాయతీరాజ్ ఇంజనీరు ధరల పట్టికతో అంచనా వేయగలిగేలా ఉంటేనే అది బీరువా దాటి బయటికొస్తుంది.

మట్టి గురించి ఇంకో మాట. రాయలసీమ మిద్దెల మీద ఏటా వానలకు ముందు చౌడు మట్టి పరిచి సరిచేసేవారు. ఆ పొర నీటిని లోపలికి దిగనివ్వదు. ఏటేటా ఆ పని చేసే చేతులు ఇంట్లో ఉన్నంతకాలం మిద్దె చల్లగా నిలిచింది. కుర్రాళ్లు బెంగుళూరుకో, హైదరాబాద్‌కో పనికి పోయాక మిద్దె ఎక్కేవాళ్లు లేరు. అందుకే స్లాబు కోరుకున్నారు. పైగా మట్టి ఇల్లు పేదరికానికి గుర్తు, స్లాబు మర్యాదకు గుర్తు. నగరం నుంచి వచ్చిన విద్యార్థి మట్టి అందం గురించి చెబుతుంటే ఊరివాళ్లకు అది మాకు తక్కువరకం ఇస్తున్నారన్నట్టు వినిపిస్తుంది. ఆ అభ్యంతరం న్యాయమైనది. దానికి జవాబు ఉపన్యాసం కాదు. ఏటా చేయాల్సిన పని ఎంత, ఎవరు చేస్తారు, అది చేయకపోతే ఏమవుతుంది అన్న లెక్క చూపించాలి. లెక్క తేలకపోతే కింద రాయి, పైన స్లాబు వేసి, దాని మీద నీడ ఏర్పాటు చేయడమే సరైన డిజైన్ కావచ్చు.

రోజూ పని ఉన్న భవనమే బతుకుతుందనడానికి కోస్తాలో రుజువులున్నాయి. 1977 నవంబరు ఉప్పెన దివిసీమను ముంచేశాక తీరం పొడుగునా తుపాను షెల్టర్లు లేచాయి. ఎత్తైన స్తంభాల మీద కాంక్రీటు భవనాలు. ఏళ్లకోసారి వచ్చే ముప్పు కోసం కట్టినది మిగతా రోజుల్లో బడిగానో, అంగన్‌వాడీగానో నడిస్తే తలుపులూ మెట్లూ ఎవరో ఒకరు చూసుకుంటారు. తాళం వేసి ఉంచితే ఉప్పుగాలికి తలుపులు పాడై, తుపాను రోజున తాళం చెవి కోసం వెతకాలి. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఇంకో రకం ఉదాహరణ. దాని భవనానికి గాంధీ 1929లో శంకుస్థాపన చేశారు. ప్రజలే నడుపుకున్న ఆ గ్రంథాలయం వందేళ్లు దాటి నిలిచింది. రోజూ తలుపు తెరిచే మనిషి, లెక్క అడిగే సంఘం ఉండటమే దానికి బలం.

ముగ్గు పోసి చూడటం

పల్లెలో పునాది తవ్వే ముందు మేస్త్రి సున్నంతో నేల మీద ముగ్గు పోస్తాడు. విద్యార్థి ఆ పని థీసిస్ మధ్యలోనే చేయొచ్చు. స్థలంలో పూర్తి కొలతలతో ముగ్గు పోసి, గుమ్మాల దగ్గర కర్రలు పాతి, ఊరివాళ్లను అందులో నడవమంటే చాలు. కాగితం మీద తల ఊపినవాళ్లే అక్కడ నోరు విప్పుతారు. ఇక్కడ గోడొస్తే శవాన్ని తిప్పుకుని ఎలా తీసుకుపోతారు, ఈ మూల గాలే రాదు, పొయ్యి ఇటు పెడితే వేపచెట్టు మాడిపోతుంది అంటారు. ఒక్కో మాటతో గీత జరుగుతుంది. సాయంత్రానికి ఆ సున్నపు గీతల కొలతలు మళ్లీ తీసుకుంటే అదే సవరించిన ప్లాన్. ఆ ముందరి గీత, తర్వాతి గీత రెండూ ఒకే షీటు మీద పెడితే ప్రజల భాగస్వామ్యం అన్న మాటకు జ్యూరీ ముందు రుజువుంటుంది. ఉదయం మగవాళ్లు వస్తే, ఆడవాళ్లు పొలం పని నుంచి తిరిగొచ్చే వేళకు ఇంకోసారి పిలవాలి. రెండు పూటలా వచ్చే మార్పులు ఒకటి కావు.

కట్టే దశ వస్తే విద్యార్థి సంతకం చెల్లదు. లైసెన్స్ ఉన్న ఇంజనీరో, రిజిస్టరైన ఆర్కిటెక్టో బాధ్యత తీసుకోవాలి. రుద్రాపూర్‌లో కూడా ఆ బాధ్యత పంచుకున్న అనుభవజ్ఞుడు ఉన్నాడు. కూలితే పోయేది ఊరి పిల్లల ప్రాణాలు కాబట్టి ఇక్కడ ఉత్సాహం ఒక్కటీ సరిపోదు.

కొత్త భవనమే కావాలా అన్నది ఇంకా అడగాల్సి ఉంది. తాళాలు పడి ఉన్న హాళ్లు, మూసేసిన బడులు ప్రతి మండలంలో ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని థీసిస్‌గా తీసుకుని, అది ఎందుకు మూతపడిందో ముందు తేల్చి, కొద్ది డబ్బుతో తెరిపించే పథకం గీస్తే ఎలా ఉంటుంది? వెనక గోడకు ఒక తలుపు, టాయిలెట్‌కు నీటి లైను, ముందు చూరు, దాని కింద అరుగు, చక్రాల కుర్చీ ఎక్కే వాలు, వంట జాగాకు మురుగు కాలువ. దీనితో పాటు నెలవారీ కరెంటు బిల్లు, ఏటా సున్నం ఖర్చు, అద్దె ఎంత పెడితే అవి తేలతాయి, తాళం చెవి ఏ సంఘం దగ్గర ఉండాలి అని ఒక షీటు. పంచాయతీ ఒప్పుకుంటే జూనియర్లు వేసవి సెలవుల్లో మేస్త్రీతో కలిసి ఆ అరుగైనా కట్టగలరు. ఇలాంటి థీసిస్ మోడల్ బల్ల మీద చిన్నగా కనిపిస్తుంది, పక్కన ఎత్తైన గుమ్మటాలతో ఉన్నదాని ముందు వెలవెలబోతుంది. దీనికి మార్కులు ఎలా వేయాలో థీసిస్ అంశాలు ఖరారు చేసే రోజునే కాలేజీలు రాసిపెట్టుకోవాలి. జ్యూరీలోకి ఒక పంచాయతీరాజ్ ఇంజనీరునూ, సైట్ ఉన్న ఊరి నుంచి ఒక మేస్త్రినీ, ఒక డ్వాక్రా సభ్యురాలినీ పిలవడానికి ఏ నిబంధనా అడ్డు రాదు.